పియరీ క్యూరీ: ఫ్లైట్ ఇంజిన్ వణికితే కాక్‌పిట్‌కి చెప్పే సెన్సర్ వెనక ఉన్నది ఈయనే.. రేడియం కంటే ముందు జరిగిన కథ ఇది!

1989 జనవరి 8.. ఆదివారం రాత్రి. లండన్ హీత్రూ ఎయిర్‌పోర్ట్ నుంచి బెల్‌ఫాస్ట్‌కి ఓ బోయింగ్ 737-400 బయల్దేరింది. లోపల 126 మంది ఉన్నారు. టేకాఫ్ అయిన 13 నిమిషాలకి, 28 వేల అడుగుల ఎత్తులో ఉండగా విమానం ఒక్కసారిగా దడదడలాడింది. ఎడమ ఇంజిన్‌లో ఓ ఫ్యాన్ బ్లేడ్ విరిగిపోయింది. కాసేపటికే క్యాబిన్‌లోకి పొగ, కాలిన వాసన.

ఏ ఇంజిన్ పాడైంది? పైలట్లు కుడి ఇంజిన్ అనుకున్నారు. అంతకుముందు వాళ్లు నడిపిన పాత మోడల్ 737లో క్యాబిన్‌కి గాలి కుడి ఇంజిన్ వైపు నుంచి వచ్చేది. పొగ వచ్చిందంటే తేడా కుడివైపే అన్న లెక్క అన్నమాట. ఆ ఇంజిన్ ఆపేశారు. విచిత్రంగా వణుకు కూడా తగ్గింది. ఆ సమయంలోనే ఆటో థ్రాటిల్ తీసేయడంతో ఎడమ ఇంజిన్ మీద భారం తగ్గి కాస్త సర్దుకుంది.. అంతే. పైలట్లు మాత్రం తమ నిర్ణయం కరెక్టే అనుకున్నారు. వెనక సీట్లలో కూర్చున్న కొందరికి ఎడమ ఇంజిన్ నుంచి నిప్పురవ్వలు కనిపించాయి. కుడి ఇంజిన్ ఆపేశామని కెప్టెన్ మైక్‌లో చెప్పినప్పుడు వాళ్లకి డౌట్ వచ్చింది. కానీ ఎవరూ నోరు విప్పలేదు.

దాదాపు 20 నిమిషాల తర్వాత ఈస్ట్ మిడ్‌లాండ్స్ ఎయిర్‌పోర్ట్‌లో దిగబోతుండగా ఆ ఎడమ ఇంజిన్ కూడా చేతులెత్తేసింది. రన్‌వే కనిపించేంత దూరంలో, కెగ్‌వర్త్ ఊరి దగ్గర ఎం1 హైవే గట్టుని విమానం ఢీకొట్టింది. 47 మంది చనిపోయారు.

ఇక్కడ గుండె తరుక్కుపోయే విషయం ఒకటుంది. కాక్‌పిట్‌లో ఓ చిన్న డయల్ మొదటి నుంచీ నిజం చెబుతూనే ఉంది. అది ఎడమ ఇంజిన్ వైబ్రేషన్ ఇండికేటర్. బ్లేడ్ విరగ్గానే అది చివరి గీత దాకా వెళ్లింది. కుడి ఇంజిన్‌ది మాత్రం మామూలుగానే ఉంది. ఆ డయల్‌ని ఎవరూ పట్టించుకోలేదు!

ఆ డయల్‌కి సమాచారం పంపింది ఇంజిన్‌కి బిగించిన ఓ బుల్లి సెన్సర్. ఇలాంటి సెన్సర్లు పనిచేసేది ఏ సూత్రం మీదో వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే 1880 నాటి పారిస్‌లో, పాతికేళ్లు కూడా నిండని ఇద్దరు అన్నదమ్ముల దగ్గర ఆగుతాం. అన్న జాక్ క్యూరీ. తమ్ముడు పియరీ క్యూరీ. అవును.. మేరీ క్యూరీ భర్త పియరీ క్యూరీయే. మన స్కూలు పుస్తకాల్లో రేడియం పాఠంలో భార్య పక్కన నిలబడి కనిపించే ఆ గడ్డపాయనే.

బడి ముఖం చూడని పిల్లాడు

పియరీ 1859 మే 15న పారిస్‌లో పుట్టారు. తండ్రి యూజీన్ క్యూరీ డాక్టర్. డబ్బు మీద పెద్దగా ఆశ లేని మనిషి. 1871లో పారిస్ కమ్యూన్ తిరుగుబాటు సమయంలో వీధుల్లో కాల్పులు జరుగుతుంటే, ఆయన తన ఇంటినే ఆసుపత్రిగా మార్చేశారు. గాయపడ్డవాళ్లని మోసుకొచ్చే పనిలో ఇద్దరు కొడుకులూ తండ్రికి సాయంగా వెళ్లేవాళ్లు. అప్పటికి పియరీకి 12 ఏళ్లు.

పియరీ బడికి వెళ్లలేదు. పిల్లాడిది నెమ్మదైన బుర్ర అని, ఒక విషయం పట్టుకుంటే అందులోంచి బయటికి రాడని, గంట కొట్టగానే సబ్జెక్ట్ మార్చే బడి అతనికి సరిపడదని తండ్రికి తెలుసు. అందుకే చదువంతా ఇంట్లోనే. 14వ ఏట ఓ మంచి లెక్కల మాస్టారు దొరికారు. ఇక అక్కడి నుంచి దూకుడే. 16 ఏళ్లకి సైన్స్‌లో బాకలోరియా, 18 ఏళ్లకి డిగ్రీ. మందబుద్ధి అనుకున్నవాళ్లు నోరెళ్లబెట్టి ఉంటారు!

తర్వాత సోర్బాన్ యూనివర్సిటీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరారు. అన్న జాక్ అక్కడే ఖనిజాల ల్యాబ్‌లో పనిచేసేవారు. ఇద్దరి ఆసక్తీ ఒకటే.. స్ఫటికాలు.

బూడిదని లాగే రాయి

అప్పటికే ఓ పాత ముచ్చట సైంటిస్టుల్లో తిరుగుతుండేది. 1700ల మొదట్లో డచ్ వ్యాపారులు సిలోన్ నుంచి, అంటే ఇప్పటి శ్రీలంక నుంచి టూర్మలిన్ అనే రంగురాళ్లు యూరప్‌కి తెచ్చారు. ఆ రాయిని నిప్పుల్లో పెడితే బూడిద దానికి అతుక్కునేది. సిలోన్ అయస్కాంతం అని పేరు కూడా పెట్టారు. నిజానికి అది అయస్కాంతం కాదు. వేడి తగలగానే రాయి రెండు కొసల్లో కరెంటు చార్జ్ పుడుతోంది.

అన్నదమ్ములిద్దరికీ ఇక్కడే ఓ ఆలోచన వచ్చింది. వేడి చేస్తే రాయి కొద్దిగా వ్యాకోచిస్తుంది. అసలు కారణం వేడి కాకుండా, ఆ ఆకారం మారడమే అయితే? అప్పుడు వేడి చేయాల్సిన పనే లేదు కదా.. గట్టిగా నొక్కితే చాలు!

నొక్కి చూశారు. నిజంగానే చార్జ్ వచ్చింది. 1880లో ఈ సంగతి ఫ్రెంచ్ సైన్స్ అకాడమీకి తెలియజేశారు. అప్పటికి పియరీకి 21, జాక్‌కి 24 ఏళ్లు. టూర్మలిన్, క్వార్ట్జ్, టోపాజ్, రోషెల్ సాల్ట్, చివరికి మన పటికబెల్లం లాంటి చక్కెర స్ఫటికం.. నొక్కితే ఇవన్నీ చార్జ్ ఇచ్చాయి. క్వార్ట్జ్ అంటే ఏదో కాదు, మన పలుగురాయే. స్ఫటిక మాలలో గుచ్చే పూసలు కూడా ఇవే.

ఇది ఎవరికో గుడ్డిగా దొరికిన లక్కీ ఛాన్స్ కాదు. స్ఫటికంలో అణువులు ఏ వరుసలో కూర్చున్నాయో చూసి, ఏ స్ఫటికం ఏ దిక్కులో నొక్కితే చార్జ్ ఇస్తుందో, ఏది అసలు ఇవ్వదో వాళ్లు ముందే లెక్కగట్టారు. మరుసటి ఏడాది గేబ్రియల్ లిప్‌మన్ అనే సైంటిస్ట్ దీనికి రివర్స్ కూడా ఉండాలని లెక్కల్లో తేల్చారు. అంటే స్ఫటికానికి కరెంటు ఇస్తే దాని ఆకారం మారాలి. అన్నదమ్ములు అది కూడా ప్రయోగం చేసి చూపించారు. గ్రీకులో నొక్కడం అనే అర్థమున్న మాట మీద దీనికి పీజో ఎలక్ట్రిసిటీ అని పేరొచ్చింది.

ఇంటర్‌లో ఫిజిక్స్ అంటే వణికిన బ్యాచ్‌కి కూడా ఇది తెలిసిన విషయమే. వంటింట్లో గ్యాస్ స్టవ్ వెలిగించే లైటర్‌ని టిక్కుమని నొక్కుతాం కదా. చాలా లైటర్లలో బ్యాటరీ ఉండదు. లోపల చిన్న సుత్తి పోయి పీజో ముక్కని కొడుతుంది. నిప్పురవ్వ వస్తుంది. అదే ఇది!

300 ఫ్రాంకుల జీతం.. ల్యాబ్ అంటే ఓ వసారా

ఇంత పెద్ద విషయం కనిపెట్టాక పియరీ జీవితం మారిపోయి ఉంటుందనుకుంటాం. అదేం జరగలేదు. 1882లో పారిస్ మునిసిపాలిటీ కొత్తగా పెట్టిన ఫిజిక్స్, కెమిస్ట్రీ స్కూల్లో ల్యాబ్ చూసుకునే ఉద్యోగంలో చేరారు. నెలకి 300 ఫ్రాంకుల దాకా జీతం. ఫ్యాక్టరీ కార్మికుడి సంపాదన కూడా అటూ ఇటూగా అంతే. అక్కడే 22 ఏళ్లు గడిపేశారు. పరిశోధనకి సొంత గది కూడా లేదు. మెట్లకీ క్లాసురూముకీ మధ్య ఉన్న వసారా లాంటి జాగాలో పనిచేసుకునేవారు. అన్న జాక్ మోంట్‌పెలియర్ యూనివర్సిటీకి వెళ్లిపోయారు. జంట విడిపోయింది.

ప్రమోషన్ కోసం ఎవరి చుట్టూ తిరగడం పియరీకి చేతకాదు. ఓసారి డైరెక్టర్ బిరుదు కోసం ఆయన పేరు పంపబోతే, వద్దే వద్దన్నారు. బయటి దేశాల్లో మాత్రం పేరు పాకింది. బ్రిటన్‌లో అప్పటి ఫిజిక్స్‌కి పెద్ద దిక్కు లాంటి లార్డ్ కెల్విన్, పియరీ తయారుచేసిన క్వార్ట్జ్ పరికరం కావాలని అడిగి మరీ తెప్పించుకున్నారు. సొంత ఊళ్లో పట్టించుకోకపోవడం, పక్క ఊళ్లో నెత్తిన పెట్టుకోవడం.. ఈ కథ మనకి కొత్తేం కాదు.

ఆ పరికరం గురించి కాస్త చెప్పుకోవాలి. పల్చటి క్వార్ట్జ్ పలకకి తెలిసిన బరువు వేలాడదీస్తారు. ఎంత బరువుకి ఎంత చార్జ్ పుడుతుందో ముందే తెలుసు. ఆ చార్జ్ చాలా చాలా తక్కువ. క్వార్ట్జ్‌ని నేరుగా ఓ కిలో బరువుతో నొక్కితే వచ్చేది 20 పైచిలుకు పికో కూలుంబ్‌లు. పికో అంటే లక్ష కోట్ల వంతు! కానీ ఎప్పుడు చేసినా అదే లెక్క. పొల్లు పోదు. ఈ నమ్మకమైన లెక్కే తర్వాత చరిత్ర మార్చింది.

రేడియం దొరికింది కూడా ఈ రాయి పుణ్యమే

1894లో పోలండ్ నుంచి వచ్చిన ఓ స్టూడెంట్ పియరీకి పరిచయమైంది. పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. మరుసటి ఏడాది మార్చిలో అయస్కాంత గుణాల మీద పియరీ డాక్టరేట్ పూర్తయింది. జులై 26న పెళ్లి. చర్చి లేదు, ఉంగరాలు లేవు. పెళ్లి కానుకగా వచ్చిన డబ్బుతో రెండు సైకిళ్లు కొనుక్కుని పల్లెటూళ్లు తిరిగొచ్చారు.

మరియా అప్పటి నుంచి మేరీ క్యూరీ. డాక్టరేట్ కోసం ఆమె యురేనియం కిరణాలను ఎంచుకున్నారు. ఆ కిరణాలు గాలిలో పుట్టించే కరెంటు ఎంత తక్కువంటే, మామూలు మీటర్లకి అందదు. అప్పుడు పనికొచ్చింది పియరీ క్వార్ట్జ్. ఒకవైపు యురేనియం వల్ల పుట్టే చార్జ్. ఇంకోవైపు క్వార్ట్జ్ మీద బరువు పెట్టి పుట్టించే చార్జ్. రెండూ సరిగ్గా సమానమయ్యేలా చేతితో బరువు సర్దుతూ, స్టాప్ వాచ్‌తో సమయం చూడాలి. చెయ్యి వణికితే లెక్క పోతుంది. మేరీ గంటల తరబడి అలా కూర్చునేవారు.

ఆ కొలతల్లోనే తేడా బయటపడింది. పిచ్‌బ్లెండ్ అనే ఖనిజం, అందులో ఉన్న యురేనియం లెక్కకి మించి కిరణాలు ఇస్తోంది. అంటే లోపల ఇంకేదో ఉంది! పియరీ తన స్ఫటికాల పని పక్కన పెట్టి భార్యతో కలిశారు. 1898 జులైలో పొలోనియం, డిసెంబర్‌లో రేడియం. ఆ తర్వాత నాలుగేళ్లు వాన కారే ఓ షెడ్డులో టన్నుల కొద్దీ ఖనిజాన్ని మరిగించి, వడపోసి 1902 నాటికి గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడ్ తీశారు. ఆ పద్ధతికి పేటెంట్ తీసుకోలేదు. తీసుకుని ఉంటే వాళ్ల ఇల్లు ఎక్కడో ఉండేది.

1903 నోబెల్ కథ అందరికీ తెలిసిందే కానీ ఒక్క ముక్క చెప్పాలి. మొదట ప్రతిపాదనలో మేరీ పేరు లేదు. స్వీడన్ నుంచి ఈ విషయం ముందే తెలిసిన పియరీ, ఆమె లేకుండా తనకి ఈ గౌరవం ఇవ్వడం సరికాదని లేఖ రాశారు. చివరికి బెక్రెల్‌కి సగం, క్యూరీ దంపతులకి సగం బహుమతి దక్కింది. ఆ డిసెంబర్ 10న స్టాక్‌హోమ్‌లో బహుమతి ప్రకటించిన సరిగ్గా వారానికి, 17న, అమెరికాలోని కిట్టీ హాక్ ఇసుక దిబ్బల మీద రైట్ సోదరులు మొదటిసారి విమానం ఎగరేశారు. ఈ రెండు సంగతులకీ ఒకరోజు లింక్ కుదురుతుందని అప్పుడెవరు అనుకుని ఉంటారు?

వాన కురిసిన ఆ గురువారం

రేడియం పియరీ ఒంటిని తినేస్తూ వచ్చింది. ఓసారి కావాలనే చేతికి రేడియం ముక్క పది గంటలు కట్టుకుని చూశారు. కాలిన పుండు మానడానికి వారాలు పట్టింది. కాళ్ల నొప్పులు, నీరసం. రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. 1904లో సోర్బాన్‌లో ప్రొఫెసర్ పోస్టు, 1905లో సైన్స్ అకాడమీ సభ్యత్వం.. అన్నీ ఆలస్యంగా వచ్చాయి. ప్రభుత్వం పెద్ద పురస్కారం ఇస్తామంటే దాన్ని కూడా కాదన్నారు. తనకి పతకం కాదు, ల్యాబ్ కావాలన్నదే ఆయన బాధ.

1906 ఏప్రిల్ 19.. గురువారం. పారిస్‌లో వాన. ప్రొఫెసర్ల మీటింగ్ ముగించుకుని, గొడుగు వేసుకుని పోంట్ న్యూఫ్ వంతెన దగ్గర డోఫీన్ వీధి దాటుతున్నారు. మిలిటరీ యూనిఫాంలు వేసుకొస్తున్న గుర్రపు బండి ఎదురైంది. దాదాపు 6 టన్నుల బరువు. కాలు జారి కింద పడ్డారు. గుర్రాలు దాటాయి, ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రం తల మీదుగా పోయింది. 46 ఏళ్లకే అంతా అయిపోయింది. పెద్ద కూతురు ఐరీన్‌కి 8 ఏళ్లు, చిన్నది ఈవ్‌కి ఏడాదిన్నర కూడా నిండలేదు.

ఆ అక్టోబర్ 23న అదే పారిస్‌లో సాంటోస్ డ్యుమాంట్ జనం చూస్తుండగా విమానం ఎగరేశారు. యూరప్‌లో అదే మొదటిసారి. దాదాపు 60 మీటర్లు. పియరీ ఆరు నెలలు బతికి ఉంటే చూసేవారేమో!

రాయి రెక్కల మీదికి ఎలా వచ్చింది?

పియరీ దగ్గర చదువుకున్న పాల్ లాంజెవిన్ మొదటి ప్రపంచ యుద్ధంలో క్వార్ట్జ్ ముక్కల్ని స్టీలు పలకల మధ్య పెట్టి, నీళ్లలోకి శబ్దం పంపి సబ్‌మెరైన్లను పసిగట్టే పరికరం చేశారు. 1943లో డెన్మార్క్‌లో బ్రూయెల్ అండ్ కేర్ సంస్థ రోషెల్ సాల్ట్‌తో వైబ్రేషన్ కొలిచే సెన్సర్ తయారు చేసింది. క్యూరీ సోదరుల 1880 లిస్టులో ఉన్న అదే రోషెల్ సాల్ట్.

ఇలాంటి సెన్సర్ లోపల ఏముంటుందో తెలిస్తే ఇంతేనా అనిపిస్తుంది. కింద లోహపు పీట. మధ్యలో పీజో ముక్క. దాని మీద చిన్న బరువు. ఇంజిన్ వణికితే పీట వణుకుతుంది. పైనున్న బరువు మాత్రం వెంటనే కదలదు, మొరాయిస్తుంది. మధ్యలో ఉన్న ముక్క నలుగుతుంది. చార్జ్ పుడుతుంది. వణుకు ఎంత గట్టిదైతే చార్జ్ అంత ఎక్కువ. మేరీ చేతిలో క్వార్ట్జ్ పలక, బరువు ఉన్నట్టే.. ఇక్కడ బరువు సర్దేది చెయ్యి కాదు, ఇంజిన్.

అరిగిపోయే భాగాలు లేవు. పాత రకం సెన్సర్లలో తీగచుట్ట, అయస్కాంతం కదులుతూ ఉండేవి. అవి అరిగి తప్పుడు లెక్కలు చూపించేవి. వైబ్రేషన్ డయల్‌ని నమ్మొద్దు అనే పేరు పైలట్లలో అప్పుడే స్థిరపడింది. కెగ్‌వర్త్ విమానంలో ఉన్నది కొత్త రకం సిస్టమ్. నమ్మదగినదే. కానీ పైలట్లకి గుర్తున్నది పాతవాటి పేరు. పైగా డయల్ మరీ చిన్నది, దాని మీద హెచ్చరిక లైటు కూడా లేదు. కొత్త మోడల్ మీద సిమ్యులేటర్ ట్రైనింగ్ కూడా వాళ్లకి దొరకలేదు. దర్యాప్తు రిపోర్టు ఇవన్నీ రాసింది.

ఇంజిన్‌లో ఈ సెన్సర్ ఏం వింటుందో చూద్దాం. కెగ్‌వర్త్ విమానం రకం ఇంజిన్‌లో ముందుండే పెద్ద ఫ్యాన్ నిమిషానికి 5 వేలకి పైగా తిరుగుతుంది. అంటే సెకనుకి 86 సార్లు. లోపలి కోర్ నిమిషానికి 14 వేల పైనే, సెకనుకి 240 సార్లు. రెండిటి వణుకూ కలిసే వస్తుంది. సిస్టమ్ వాటిని విడదీసి, ఏది ఫ్యాన్‌ది, ఏది కోర్‌ది అని విడిగా చూపిస్తుంది. పక్షి తగిలి బ్లేడ్ వంగినా, ఫ్యాన్ మీద ఐస్ పేరుకున్నా ఫ్యాన్ అంకె లేస్తుంది. బేరింగ్ అరగడం మొదలైతే వారాల ముందే అంకె మెల్లగా పైకి పాకుతుంది. కారు టైర్లు బ్యాలెన్స్ చేయించేటప్పుడు రిమ్‌కి చిన్న సీసం ముక్కలు కొడతారు కదా.. మెకానిక్‌లు ఇంజిన్ ఫ్యాన్‌కి కూడా అచ్చం అలాగే చిన్న బరువులు బిగించి వణుకు తగ్గిస్తారు. ఎక్కడ, ఎంత బిగించాలో చెప్పేది ఈ సెన్సర్ లెక్కే.

ఇంకో తమాషా ఉంది. ఇంజిన్ దగ్గర వేడి ఎక్కువ. పీజో సెరామిక్ ముక్క ఒక హద్దు దాటి వేడెక్కితే ఆ గుణం పోగొట్టుకుని మామూలు రాయి అయిపోతుంది. ఇంజినీర్లు సెన్సర్ ఎంచుకునేటప్పుడు మొదట చూసేది ఆ హద్దునే. దాని పేరేంటో తెలుసా? క్యూరీ టెంపరేచర్! పియరీ డాక్టరేట్‌లో అయస్కాంతాల మీద తేల్చిన విషయం అది. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం కోల్పోతుంది. ఆ పేరునే తర్వాత పీజో ముక్కలకీ వాడారు. సెన్సర్ పనిచేయడం వెనకా ఆయనే, ఎక్కడ ఆగిపోతుందో చెప్పే గీత మీదా ఆయన పేరే.

హెలికాప్టర్లకి ఇది ఇంకా ముఖ్యం. గేర్‌బాక్స్ పోతే గాల్లో రెండో ఛాన్స్ ఉండదు. 1986 నవంబర్‌లో స్కాట్లాండ్‌కి ఉత్తరాన, షెట్‌లాండ్ దీవుల దగ్గర, ఆయిల్ రిగ్గు కార్మికుల్ని తీసుకొస్తున్న చినూక్ సముద్రంలో కూలి 45 మంది చనిపోయారు. కారణం గేరు వైఫల్యమే. ఆ తర్వాతే గేర్‌బాక్స్ నిండా వైబ్రేషన్ సెన్సర్లు పెట్టి నిఘా వేసే హమ్స్ సిస్టమ్ నార్త్ సీ హెలికాప్టర్లలోకి వచ్చింది. అయినా సెన్సర్ దేవుడేం కాదు. 2016 ఏప్రిల్‌లో నార్వేలోని టూరోయ్ దగ్గర ఓ సూపర్ పూమాకి గేర్‌బాక్స్ లోపల పగులు వచ్చి రోటర్ ఊడిపోయింది. 13 మంది మృతి. ఆ హెలికాప్టర్‌లో హమ్స్ ఉంది. పగులు పెరుగుతున్నట్టు దానికి తెలియలేదు.

పియరీ, మేరీల అవశేషాలను 1995 ఏప్రిల్‌లో సో పట్టణం నుంచి పారిస్‌లోని పాంథియాన్‌కి ఘనంగా తరలించారు. అన్న జాక్ మాత్రం 1941 దాకా బతికారు. మోంట్‌పెలియర్‌లో ఖనిజాల పాఠాలు చెబుతూ రిటైరయ్యారు. 1939 ఆగస్టులో జర్మనీలో మొదటి జెట్ విమానం ఎగిరినప్పుడు ఆయన వయసు 83. తాము నొక్కి చూసిన రాళ్లు ఆ ఇంజిన్ల పక్కన ఎక్కేందుకు అప్పటికింకా కొన్నేళ్లు టైముంది.